ఉభయసమ్మతితో విడాకులు: వకీలు విధిగా నుండవలెనా?

దంపతులలో నొకరు విడిపోవలెనని కోరి మరియొకరు వలదన్నప్పుడు అది వ్యాజ్యము. అప్పుడు సాక్షులు కావలెను, వాదప్రతివాదములు కావలెను, న్యాయశాస్త్రము నెరిగిన వకీలు కావలెను. కాని యిరువురును ఏకాభిప్రాయముతో ఇక పొసగదని నిశ్చయించుకొని, ఇచ్చిపుచ్చుకొనవలసిన దానిని ఇచ్చిపుచ్చుకొని, బిడ్డల పోషణకు ఏర్పాటు చేసికొని న్యాయస్థానమునకు వచ్చినప్పుడు అక్కడ పోరాటమెక్కడిది? ప్రతివాది యెవ్వడు? ఖండింపవలసిన వాదమేది? అయినను నేటికిని మన పట్టణములలో నట్టి దంపతులు మొదట చూచునది న్యాయమూర్తి ముఖమును గాదు. వకీలుగారి గుమాస్తా ముఖమును. చట్టము తెరచియుంచిన ద్వారము మూసియున్నదని భ్రమించి, ప్రక్కదారిని సుంకము చెల్లించి లోనికి పోవుచున్నారు. ఈ భ్రమను తొలగించుటయు, ఆ ద్వారమున ఒంటరిగా పోదగినవారెవ్వరో, పోరానివారెవ్వరో విశదపరచుటయు నేటి మా వ్రాతకు ప్రయోజనము.

మేము విడాకులను ప్రోత్సహించుచున్నామని యెవ్వరును తలంపకుందురుగాక. వివాహము మన జాతికి సంస్కారము. అగ్నిసాక్షిగా కట్టిన ముడి క్షణికకోపముతో విప్పదగినది కాదు. కాని ముడి లోపలనే తెగిపోయి, పైకి మాత్రము ముడివలె కనబడుచున్నప్పుడు దానిని పట్టుకొని వ్రేలాడుట ధర్మమనిపించుకొనదు. ఏండ్ల తరబడి ఆమె పుట్టినింటను, అతడు వేరొక ఊరను ఉండి, ఇరువురును పెండ్లియైనవారును గాక కానివారును గాక బ్రదుకుటవలన కులగౌరవము పెరుగుచున్నదా? ఆ స్థితినుండి శాంతముగా, కలహము లేకుండ, ఒకరిపై నొకరు బురద చల్లుకొనకుండ బయటపడు మార్గమును చట్టమే చూపుచుండగా, దాని నెరిగియుండుట ప్రతి గృహస్థునకును అవసరము.

ఉభయసమ్మతితో విడిపోవుట పాశ్చాత్యుల నుండి తెచ్చుకొన్న నూతనాచారమని కొందరందురు. ఈ మాట చరిత్రకు నిలువదు. కౌటిల్యుని అర్థశాస్త్రము భార్యాభర్తలలో నొక్కరి అనిష్టముచేత మాత్రమే విమోచనము కలుగదనియు, పరస్పరద్వేషమున్నప్పుడు కలుగుననియు స్పష్టముగా విధించినది. ధర్మవివాహములకు ఈ విమోచనము లేదని ఆయన హద్దు పెట్టినమాట నిజమే. కాని యెవరు విడువగోరిన నెవరికేమి తిరిగి యీయవలెనో కూడ ఆయన నిర్ణయించెను. పరాశరుడు ఐదు ఆపదలలో స్త్రీకి పునర్వివాహము నంగీకరించెనన్నది మన సంఘసంస్కర్తలు పదేపదే చూపిన ప్రమాణమే. శాస్త్రముల మాట యటుంచినను, మన పల్లెలలో అనేక కులములయందు పెద్దల యెదుట తెగతెంపులు చేసికొనుటయు, మారుమనువు పోవుటయు అనాదిగా నున్నవి. 'విడాకులు', 'మారుమనువు' అను మాటలు ఏ యాంగ్లనిఘంటువునుండియు దిగుమతియైనవి కావు, అచ్చతెలుగు మాటలు. లేని వస్తువునకు భాషలో పేరు పుట్టదు.

శాసనముల చరిత్రను గూడ సంగ్రహముగా జ్ఞప్తికి తెచ్చుకొందము. మన ఆంధ్రజిల్లాలు నాడు చేరియున్న మద్రాసు రాష్ట్రములో 1949లోనే హిందువులకు బహుభార్యాత్వమును నిషేధించి విడాకుల కవకాశమిచ్చు శాసనము వెలువడినది. దేశమంతటికిని 1955లో హిందూ వివాహచట్టము వచ్చినది. అయితే ఆ చట్టము తొలిరూపములో ఉభయసమ్మతికి చోటులేదు. విడిపోవలెనన్న నొకరు దోషి కావలెను. వ్యభిచారమనియో, మతాంతరమనియో, అసాధ్యరోగమనియో నేరారోపణ చేసి నిరూపించినగాని ముడి వీడదు. గౌరవముగా విడిపోగోరిన దంపతులకు సైతము ఒకరిపై నొకరు నిందారోపణము తప్పనిసరి యయ్యెను. లేని దోషమును కల్పించుట, కల్పించిన దానికి సాక్షులను సమకూర్చుట, ఆ సాక్షులకు పాఠము చెప్పుట, ఇవి యన్నియు నిట్టి నిర్బంధమునుండి పుట్టు అనర్థములే. 1954 నాటి ప్రత్యేక వివాహచట్టములో మాత్రమే ఉభయసమ్మతి మార్గముండెను. 1976లో పార్లమెంటు హిందూ వివాహచట్టమును సవరించి 13-బి అను విభాగమును చేర్చుటతో ఈ దుస్థితి తొలగినది. క్రైస్తవులకు 2001లో నిట్టి సవరణయే వచ్చినది. ముస్లిము ధర్మశాస్త్రములో 'ముబారత్' అను పేర ఉభయసమ్మతి విచ్ఛేదము పూర్వమునుండియు కలదు. మనము ప్రధానముగా 13-బి విభాగమునే విచారింతము.

ఆ విభాగము కోరునవి మూడే. దంపతులు ఒక సంవత్సరమునకు తక్కువ కాకుండ వేరుగా నుండవలెను. కలసి కాపురము చేయజాలకపోయి యుండవలెను. వివాహము రద్దు కావలెనని యిరువురును అంగీకరించియుండవలెను. వేరుగా నుండుట యనగా వేర్వేరు కప్పుల క్రింద నుండుటయే యని యర్థము కాదు. భార్యాభర్తలుగా జీవింపకుండుట యని సుప్రీంకోర్టు 1991లోనే వివరించినది. తప్పెవరిదన్న ప్రశ్న లేదు. కారణము చెప్పుమని నిర్బంధము లేదు. అత్తగారి మాటలను, మామగారి చేష్టలను కోర్టు గుమాస్తాల యెదుట విప్పి చెప్పుకొనవలసిన యవమానము లేదు. పైగా ఇట్టి విచారణలు బహిరంగముగాకాక తలుపులు మూసి జరుపవలెనని చట్టమే విధించుచున్నది.

ఇక వకీలు మాట. ఆస్తి తగాదాలకును, నేరవిచారణకును ఏర్పడిన కోర్టులలో కుటుంబవ్యవహారములను త్రిప్పుట తగదని, వీనికి ప్రత్యేక న్యాయస్థానములుండవలెనని మనదేశములో మొదట గట్టిగా నుడివినవారిలో అగ్రగణ్య మన తెలుగుబిడ్డ, రాజమహేంద్రవరమున పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు. స్వయముగా న్యాయవాదియైన ఆమె 1953లో చైనాదేశమునకు పోయి అక్కడి కుటుంబ న్యాయస్థానములను పరిశీలించి వచ్చి, నెహ్రూగారితోను, ఛాగ్లా, గజేంద్రగడ్కరు మున్నగు న్యాయమూర్తులతోను ఈ విషయమును చర్చించిరి. ఆమె కోరిక ఫలించుటకు ముప్పది యేండ్లు పట్టినది. 1984లో కుటుంబ న్యాయస్థానముల చట్టము వచ్చినది. అందలి 13వ విభాగమును పాఠకులు శ్రద్ధగా గమనింతురుగాక. కుటుంబ న్యాయస్థానమున ఏ కక్షిదారునకును న్యాయవాదిద్వారా వాదించుకొను హక్కు హక్కుగా లేదు! అవసరమని తోచినచో న్యాయమూర్తియే న్యాయజ్ఞుని సహాయము పొందవచ్చును. అనగా వకీలు లేకుండుటయే అక్కడి నియమము; వకీలుండుట అనుమతిపై నాధారపడిన మినహాయింపు. ఆచరణలో నిది తలక్రిందులైనది. అనుమతి అడుగుటయు ఇచ్చుటయు మామూలైపోయి, అనుమతి యవసరమన్న మాటయే జనులు మరచిరి. కుటుంబ న్యాయస్థానము లేని చోట్ల ఈ యర్జీలు విను సివిల్ న్యాయస్థానములలోను, కక్షిదారు స్వయముగా హాజరై తన పని తాను చూచుకొనుటకు సివిల్ ప్రొసీజరు కోడు అడ్డు చెప్పదు.

స్వయముగా దాఖలు చేయుట యెట్లు? అర్జీ ఒక్కటే, అర్జీదారులిరువురు. పెండ్లి జరిగిన చోటుగాని, దంపతులు కడపట కలసి కాపురమున్న చోటుగాని, భార్య ప్రస్తుతము నివసించుచున్న చోటుగాని ఏ న్యాయస్థానము పరిధిలోనిదో అక్కడ దాఖలు చేయవచ్చును. పెండ్లియై సంవత్సరము కూడ కానిచో, అసాధారణమైన కష్టము చూపినగాని అర్జీ తీసికొనరు. అర్జీలో వ్రాయవలసిన దెల్ల ఇది: పెండ్లి యెప్పుడు, ఎక్కడ, ఏ యాచారముననుసరించి జరిగినది; అప్పటి స్థితి యేమి; కలసి యెక్కడ నివసించిరి; ఏ తేదీనుండి వేరైరి; బిడ్డలెందరు, వారి వయస్సులేమి; బిడ్డలెవరియొద్ద నుందురు, రెండవవారెప్పుడు చూచుకొందురు, ఖర్చెవరు భరింతురు; భరణము పుచ్చుకొందురా లేదా, ఎంత, ఎప్పుడు; స్త్రీధనము, నగలు, సామానులు తిరిగి ముట్టినవా లేదా; ఒకరిపై నొకరు వేసిన వ్యాజ్యములేవైన నున్నచో వాని గతి యేమి. కడపట, బలవంతముగాని, మోసముగాని, ఒత్తిడిగాని లేకుండ ఇరువురును ఈ నిర్ణయమునకు వచ్చిరని చెప్పి ఇరువురును సంతకము చేసి, వ్రాసినదెల్ల నిజమని ప్రమాణపత్రము జతపరుపవలెను. పెండ్లిని రుజువు చేయుటకు రిజిస్ట్రేషను పత్రముగాని, అది లేనిచో శుభలేఖయు ఛాయాచిత్రములును. నివాసమునకు ఆధార్ వంటి పత్రములు. కోర్టు రుసుము స్వల్పమే. దీనికి కాళిదాసకవిత్వ మక్కరలేదు. దరఖాస్తులు, అంగీకారపత్రములు వ్రాయగలిగిన గృహస్థు ఈ యర్జీని వ్రాయలేడా?

అర్జీ పుచ్చుకొన్న కార్యాలయము దోషములేవైన నున్నచో వానిని సూచించి తిప్పి పంపును. ఇది తిరస్కారము కాదు. ఒక పుటపై సంతకము మరచుటయో, ప్రతుల సంఖ్య చాలకపోవుటయో, తేదీ పొరబాటో యుండును. సవరించి మరల దాఖలు చేసిన సంఖ్య పడును. చాలమంది ఈ మొదటి తిప్పివేతతోనే ధైర్యము చెడి వకీలును వెదకుచున్నారు. వకీళ్ల అర్జీలును ఇట్లే తిరిగి వచ్చునని వారికి తెలియదు. సంఖ్య పడిన పిదప నిర్ణయించిన దినమున ఇరువురును హాజరై న్యాయమూర్తి యెదుట తమ మాటను చెప్పుకొనవలెను. సంధి చేయగల యవకాశమున్నదేమో చూచుట కుటుంబ న్యాయస్థానమునకు విధి. ఇందులకై సలహాదారులను గూడ చట్టమేర్పరచినది. వారితో మాటాడుటకు వెనుదీయరాదు. కలిసినచో మేలు, కలియనిచో ఏమియు నష్టము లేదు.

మొదటి హాజరుతో పని ముగియదు. అర్జీ దాఖలైన ఆరు నెలల పిదప, 18 నెలలలోపల, ఇరువురును మరల వచ్చి తమ నిర్ణయము మారలేదని విన్నవింపవలెను. అప్పుడు న్యాయమూర్తి ఇరువురను విని, తగిన విచారణ చేసి, అర్జీలోని మాటలు సత్యములని తృప్తిపడి డిక్రీ యిచ్చును. ఈ ఆరు నెలల గడువు విధాయకము కాదని, తగిన సందర్భములలో మినహాయింపవచ్చునని 2017 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కాని దానికి నిబంధనలున్నవి. దంపతులు అప్పటికే ఏడాదిన్నర కాలము వేరుగా నుండవలెను. సంధి ప్రయత్నములు విఫలమై యుండవలెను. భరణము, బిడ్డల సంరక్షణ మున్నగునవి నిజముగా పరిష్కారమై యుండవలెను. నిరీక్షణ వారి బాధను పొడిగించుట తప్ప వేరు ఫలమీయదని తోచవలెను. అట్టివారు మొదటి హాజరైన వారము దినములకే గడువు మినహాయింపు కోరవచ్చును. డిక్రీ వచ్చిన పిదప దాని నకలును ఇరువురకును ఉచితముగా నీయవలెనని చట్టము. ఇదియు పెక్కురెరుగరు.

భూవసతిగల మా పాఠకులు ప్రత్యేకముగా గుర్తుంచుకొనవలసిన దొకటి కలదు. భరణమునకు బదులుగా రెండెకరముల మాగాణినో, ఇంటి భాగమునో భార్యపేర వ్రాయుట మన వైపున తరచు జరుగును. ఒడంబడికలో 'ఇచ్చితిని' అని వ్రాసినంతమాత్రమున పొలము చేతులు మారదు. రాజీ డిక్రీలో చేరినను, వ్యాజ్యవిషయము కాని స్థిరాస్తిని రిజిస్ట్రేషను చట్టము మినహాయింపలేదు. కావున సర్వే సంఖ్యతోను, హద్దులతోను వేరుగా దస్తావేజు వ్రాయించి రిజిస్టరు చేయించుకొనుటయే క్షేమము. ఈ యొక్క పనికి వకీలును సంప్రదించుట వ్యర్థవ్యయము కాదు. సొమ్ము రూపమున నిచ్చునప్పుడు కొంత మొదటి హాజరునాడు, తక్కినది రెండవ హాజరునాడు, న్యాయమూర్తి యెదుట బ్యాంకు డ్రాఫ్టు రూపమున ముట్టజెప్పుట మంచి పద్ధతి. నగలను 'అన్నియు ముట్టినవి' అని వ్రాయక, ఒక్కొక్క నగను బరువుతోసహ పట్టీ వ్రాసి సంతకములు పెట్టుకొనవలెను. వేధింపుల నేరవిచారణ యేదైన నడచుచున్నచో, విడాకుల డిక్రీతో అది తనంతట నశింపదు. దానికి వేరుగా న్యాయస్థానపు ఉత్తరువు కావలెను. బిడ్డల భరణము బిడ్డల హక్కు. తల్లిదండ్రులు తమలో తాము రాజీపడి దానిని వదలుకొనజాలరు.

ఇంతవరకు మార్గము సుగమమని చెప్పితిమి. ఇప్పుడు హెచ్చరిక చెప్పవలసియున్నది. ఈ మార్గమంతయు 'సమ్మతి' అను నొక్క మాటపై నిలిచియున్నది. ఆ మాట నిజమైనచో వకీలు అనవసరము. అబద్ధమైనచో వకీలు లేకుండుట ప్రమాదము. చదువురాని యువతిని, పుట్టింటివారి బీదతనమును ఆసరా చేసికొని, తెల్లకాగితములపై సంతకములు చేయించుకొని, 'నీవు న్యాయమూర్తి యడిగినప్పుడు ఔననుము' అని పాఠము చెప్పి తీసికొనిపోవు ఘనులు మన సంఘములో లేరని యెవ్వరనగలరు? అది ఉభయసమ్మతి కాదు, ఏకపక్షపు ఆజ్ఞ. కావున మేము మూడు పరీక్షలను సూచించుచున్నాము. అర్జీలోని ప్రతి వాక్యమును ఇరువురును తమ భాషలో చదివిగాని, చదివించుకొనిగాని గ్రహించిరా? రెండవవారి ఆదాయము, ఆస్తి యెంతో ఇరువురకును తెలియునా? 'నేనిందుకు సమ్మతింపను' అని పలికినచో తమకు గాని, బిడ్డలకు గాని కీడు కలుగునన్న భయము లేకుండ నున్నదా? ఈ మూడింటికిని ఔనని యుత్తరము వచ్చినవారు నిస్సంశయముగా స్వయముగా పోవచ్చును. ఒక్కదానికి కాదని వచ్చినను ఆగవలెను.

అట్లాగినవారు నిస్సహాయులు కారు. 1987 నాటి న్యాయసేవాధికార చట్టముచే, ఆదాయముతో నిమిత్తము లేకుండ ప్రతి స్త్రీయు ఉచితముగా న్యాయవాదిని పొందవచ్చును. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో, మండల కమిటీలో అడుగవచ్చును. 15100 అను సంఖ్యకు టెలిఫోను చేయవచ్చును. భర్త తరపువారు కుదిర్చిన వకీలే యిరువురి తరపునను పత్రములు సిద్ధపరచు వాడుక నేడు కలదు. ఆమె ఆయనను తన వకీలనుకొనును. ఆయనకు రుసుమిచ్చినవాడు వేరు. వకీలు లేని స్త్రీకంటె ఇట్టి వకీలుగల స్త్రీయే ఎక్కువ మోసపోవును. వకీలు లేనప్పుడు న్యాయమూర్తి ఆమెను స్వయముగా ప్రశ్నించును; వకీలున్నప్పుడు ఆయన మాటపై భారము వేయును. సమ్మతి డిక్రీ వచ్చువరకు నిలిచియుండవలెననియు, అంతలో ఎవరైనను మనసు మార్చుకొనవచ్చుననియు సుప్రీంకోర్టు చెప్పియున్నది. ఈ మాట ప్రతి స్త్రీకిని తెలియవలెను. ఇది యెరిగియే, సొమ్ము ముందుగా చేతులు మారినచో సమ్మతి మరలించుకొన్నప్పుడు దానిని తిరిగి యిచ్చు విధమునుగూడ ఒడంబడికలో వ్రాసికొనవలెను.

మరియొక ప్రమాదము కోర్టు వ్యయమునకు భయపడువారిని పొంచియున్నది. స్టాంపు కాగితముపై పెద్దమనుషుల సమక్షమున విడాకుల పత్రము వ్రాసికొని, నోటరీ ముద్ర వేయించుకొని, తాము విముక్తులమైతిమని తలంచువారు నేటికిని గలరు. ఈ కాగితమునకు విలువ లేదు. కులాచారముచే వచ్చు విడాకులను 1955 నాటి చట్టము రక్షించినమాట నిజమే. కాని అట్టి యాచారము తమలో ప్రాచీనముగా, నిరంతరముగా నున్నదని ప్రత్యేకముగా చెప్పి రుజువు చేయవలెనని సుప్రీంకోర్టు 2002లో తీర్పు చెప్పినది. రుజువు కానిచో, ఆ కాగితమును నమ్మి చేసికొన్న రెండవ పెండ్లి చెల్లదు. చేసికొన్నవారు ద్విభార్యాత్వ నేరమునకు ఏడేండ్లవరకు శిక్షార్హులు కావచ్చును. రెండవ పెండ్లితో వచ్చిన యువతి బ్రదుకు నడివీధిని పడును. కోర్టునకు పోవుట కష్టమని యెంచి కాగితము వ్రాసికొనువారు, నిజముగా కష్టమైనదానిని కొనితెచ్చుకొనుచున్నారు. స్వయముగా అర్జీ వేసికొనవచ్చునన్న సంగతి పల్లెలకు తెలిసినచో ఈ కాగితముల వాడుక సగము తగ్గునని మా విశ్వాసము.

విదేశములలో నున్న మన తెలుగువారికిని ఈ మార్గము మూసిలేదు. తగిన కారణమున స్వయముగా రాలేనివారి పక్షమున తల్లిదండ్రులు, తోబుట్టువులు వంటి దగ్గరి బంధువులు హాజరగుటను, దృశ్యమాధ్యమమున దూరమునుండి మాటాడుటను కోర్టు అంగీకరింపవచ్చునని 2017 నాటి తీర్పే చెప్పినది. అక్కడి దేశములు ఈ విషయమున నేమి చేసినవో చూతము. ఇంగ్లండు, వేల్సు దేశములలో 2022 ఏప్రిల్ 6వ తేదీనుండి దోషారోపణ లేకుండ, దంపతులిరువురును కలసి ప్రభుత్వపు అంతర్జాలద్వారా స్వయముగా దరఖాస్తు చేసికొనవచ్చును. 20 వారములొకసారి, ఆరు వారములొకసారి నిరీక్షించి విముక్తులగుదురు. మన తెలుగువారు వేలకొలది నివసించు కాలిఫోర్నియా రాష్ట్రములో, పెండ్లియై ఐదేండ్లు మించక, బిడ్డలును స్థిరాస్తియు లేనివారికి సంక్షిప్త పద్ధతి యొకటి కలదు. అక్కడి న్యాయస్థానములలో వకీలు లేని కక్షిదారులకు ఏ పత్రము ఎట్లు నింపవలెనో చూపు సహాయకేంద్రములున్నవి. వారికిని మనకును భేదము హక్కులో లేదు. హక్కును వాడుకొను సౌకర్యములోనున్నది.

ఇందుకు రెండు ఆక్షేపణలు వినబడుచున్నవి. మార్గము సులభమైనచో కాపురములు కూలునని మొదటిది. ఏడాది వేరుగా నుండుటను, పిమ్మట ఆరు నెలల నిరీక్షణను, సంధి ప్రయత్నమును చట్టమే కోరుచున్నది. ఈ యవరోధములను దాటినవారిని వకీలు రుసుము కలుపుననుకొనుట హాస్యాస్పదము. రుసుమీయలేని బీదవారు విడిపోకుండ నుండిరేగాని, కలసియుండలేదు. న్యాయవాదుల జీవనోపాధి చెడునని రెండవది. సరిహద్దు తగాదాలు, వారసత్వపు వ్యాజ్యములు, నిజమైన దంపత్యకలహములు దేశములో కరవు కాలేదు. ధర్మపక్షమున వాదించు న్యాయవాదిని మేము గౌరవింతుము. వాదమే లేనిచోట వాదిని కల్పించుటను గౌరవింపజాలము.

తెలుగు రాష్ట్రముల ఉన్నతన్యాయస్థానములకును ప్రభుత్వములకును మా విన్నపములు స్వల్పములు. ఉభయసమ్మతి యర్జీకి ఖాళీలు నింపుకొనదగిన తెలుగు నమూనా నొకదానిని అచ్చువేయించి ప్రతి న్యాయస్థానమునను ఉచితముగా నిచ్చుట మొదటిది. 1966లోనే తెలుగును అధికారభాషగా చట్టము చేసికొంటిమి. దిగువ న్యాయస్థానముల భాషను నిర్ణయించు అధికారము సివిల్ ప్రొసీజరు కోడు 137వ విభాగముచే రాష్ట్రప్రభుత్వమునకే యున్నది. తాను సంతకము పెట్టు పత్రము తనకు తెలియని భాషలో నుండగా సమ్మతి యెక్కడిది? ప్రతి కుటుంబ న్యాయస్థానమునను న్యాయసేవాధికార సంస్థ తరపున ఒక సహాయకుడు బల్లవేసికొని కూర్చుండుట రెండవది. కార్యాలయము కనిపెట్టిన దోషములన్నింటిని ఒక్కసారిగా, తెలుగులో వ్రాసి యిచ్చుట మూడవది; వాయిదా వాయిదాకు ఒక్కొక్క దోషమును బయటపెట్టుట కక్షిదారుని వకీలు గుమ్మమునకు తరుముట తప్ప వేరు కాదు. నాలుగవది అన్నిటికంటె ముఖ్యము: రెండు హాజరులయందును న్యాయమూర్తి భార్యాభర్తల నొక్కొక్కరిని వేరుగా, బంధువులెవ్వరును లేనిచోట, తెలుగులో ప్రశ్నించి, సమ్మతి స్వేచ్ఛగా నిచ్చినదే యని తెలిసికొనవలెను. సమ్మతి బలవంతముచేగాని మోసముచేగాని రాలేదని తృప్తిపడుట 23వ విభాగముచే ఆయనకు విధియే. ఆ విధి తూతూమంత్రము కారాదు.

చదువుకొన్న పట్టణవాసులును, ఊరికి పెద్దలైన గృహస్థులును చేయదగిన పనియు కలదు. మీ యొద్దకు తగవు తీర్పుమని వచ్చిన దంపతులకు మొదట కలసియుండు మార్గమును చెప్పుడు. అది సాధ్యము కాదని తేలినచో స్టాంపు కాగితము వ్రాయింపకుడు. అర్జీ వ్రాయుటకు తోడ్పడుడు. ఆమె మాటను ఆమె నోటనే, ఆమె తండ్రి గాని అన్న గాని పలుకకుండ వినుడు. నగల పట్టీ, పొలపు దస్తావేజు, బిడ్డల యేర్పాటు సరిగా నున్నవో లేదో చూడుడు. ఇది వకీలు పని కాదు, పెద్దరికపు పని. మన పూర్వులు రచ్చబండపై చేసినదానిని నేడు చట్టబద్ధముగా చేయుటయే.

చట్టము ప్రజలది. తన భాషలో తన నిర్ణయమును తన న్యాయమూర్తికి తాను చెప్పుకొనలేని పౌరుడు హక్కులున్నవాడైనను హక్కుదారుడు కాడు. పెండ్లినాడు ప్రమాణము చేయుటకు వకీలు ఎవ్వరికిని అవసరము కాలేదు. నిజమైన సమ్మతితో, ఇచ్చవలసినది ఇచ్చి, బిడ్డలకు న్యాయము చేసి, గౌరవముగా విడిపోవు దినమునను వారు తమ నోటితో తామే మాటాడుదురుగాక. ఆ మాటను శ్రద్ధగా వినుట న్యాయస్థానముల ధర్మము.